బొటనవేలి కింద అంకె

"పచ్చసొన తీసెయ్" అన్నాడు భర్త, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

ఆమె వంటగట్టు దగ్గర నిలబడి, ఉడికిన గుడ్డును రెండుగా కోసి ఉప్పు చల్లుకుంటోంది. పొద్దున్నే లేచి ఐదుగురికి వంట చేసి, చిన్నపిల్లకు జడ వేసి, బట్టలు ఆరేసి, ఇప్పుడే మొదటిసారి తన నోటి గురించి ఆలోచించింది.

"ఎందుకు?"

"కొవ్వంతా అందులోనే ఉంటుంది. తెల్లది తిను, చాలు. ఇదిగో, ఇందులో చెబుతున్నాడు చూడు."

"మీరు రెండు తిన్నారు. పచ్చసొనతోనే."

"నేను మోత పని చేసేవాణ్ణి. నువ్వు కూర్చుని కుట్టుకునేదానివి."

అతను సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. ఒకప్పుడు మంచాలూ బీరువాలూ వీపున మోసిన మాట నిజమే. ఇప్పుడు వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లి, కుర్రాళ్లు మోస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి "నిదానం, నిదానం" అంటాడు. మోత మానేసి ఏళ్లయినా ఆ పేరు మాత్రం ఇంట్లో ఇంకా అతనిదే.

ఒక్క పచ్చసొనకు కొంపలేం మునిగిపోవని ఆమె అంది. ఒక్కటేగా, ఒక్కటేగా అనుకునే ఇంతదాకా వచ్చిందని అతను అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు, వాడు నీ మంచికే చెబుతున్నాడని సర్దిచెప్పి, "పారెయ్యకమ్మాయ్, ఇటు పెట్టు. నేను తింటాను" అంటూ చెయ్యి చాపింది. పచ్చసొన ఆ చేతిలోకి వెళ్లింది. అత్తగారి నోట్లో దానికి కొవ్వు లేనట్టుంది.

"పెళ్లినాటికి ఎలా ఉండేది, పుల్ల!" అన్నాడు అతను నవ్వుతూ, ఫోనుతోనే చెబుతున్నట్టు.

పుల్ల అన్నది ఆమె పుట్టింటి ముద్దుపేరు. గాలేస్తే ఎగిరిపోతుందని చిన్నప్పుడు వాళ్ల నాన్న పెట్టాడు. పెళ్లయిన కొత్తలో ఈయన ఆ పేరు విని ముచ్చటపడ్డాడు. ఇప్పుడు ఇంటికి ఎవరు వచ్చినా, ఆమె మంచినీళ్లు తెచ్చి పెడుతున్నప్పుడు, "ఇదిగో మా పుల్ల" అని పరిచయం చేస్తాడు. వచ్చినవాళ్లు నవ్వాలో మానాలో తెలియక గ్లాసు అందుకుంటారు.

ఇదంతా ఆమెకు అలవాటే. ఆ పూట అలవాటు లేనిది ఇంకొకటి జరిగింది. బల్ల దగ్గర కూర్చున్న పెద్దపిల్ల, పద్నాలుగేళ్లది, ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ లేనిది, చెంచాతో తన గుడ్డులోని పచ్చసొనను జాగ్రత్తగా తవ్వి తీసి పళ్లెం అంచున పెట్టింది. దానికి ఎవరూ చెప్పలేదు.

"నువ్వెందుకు తీశావే? తిను."

"నాకొద్దమ్మా."

"తినమంటున్నానా."

"నేనూ అలా అయిపోతే?" అంది పిల్ల. గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగింది. అడిగాక అమ్మ ముఖం చూసి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

*

ఆమె పనిచేసే చోటు పెద్ద బట్టల దుకాణంలో మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, ఆమె ఎక్కదు. మెట్లెక్కితే కరుగుతుందని ఎవరో చెప్పారు. పైకి చేరేసరికి ఊపిరి అందక, గోడకు ఆనుకుని, ఆయాసం తగ్గాకే లోపలికి వెళుతుంది. ఆయాసపడటం చూస్తే మేనేజరు జాలిపడతాడు. ఆ జాలి ఆమెకు గిట్టదు.

ట్రయల్ రూముల వెనక ఉన్న ఇరుకు గదిలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, రంగు రంగుల దారపు ఉండల అర ఉంటాయి. కొన్న బట్ట ఒంటికి సరిపోకపోతే బిగించడం, వదులు చేయడం, ప్యాంటు కాళ్లు మడిచి కుట్టడం అక్కడి పని. గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు ఎప్పుడూ ఎడమ మణికట్టుకు కట్టుకుని ఉంటుంది. మనిషి గుమ్మంలో నిలబడగానే ఆమెకు ఆ ఒంటి తీరు తెలుస్తుంది. ఏ భుజం దిగింది, ఏ తుంటి ఎత్తుగా ఉంది, ఎవరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నారు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఆమెకు పని నేర్పిన పాత మాస్టరు పెట్టిన పద్ధతి. కొలత నోటితో చెప్పకూడదు. నడుముకు టేపు చుట్టి, ఆగిన అంకె మీద బొటనవేలు పెట్టి, టేపును అలాగే జార్చి తీసి పక్కనున్న అమ్మాయికి అందించాలి. ఆ అమ్మాయి తన బొటనవేలును సరిగ్గా అక్కడ పెట్టి, గోడవైపు తిరిగి, బట్ట మీద సుద్దతో గీత గీయాలి. అంకె రెండు బొటనవేళ్ల కిందే పుట్టి అక్కడే పోవాలి. అద్దం ముందు నిలబడ్డ మనిషికి అసలే సగం ప్రాణం పోయి ఉంటుంది, మిగతా సగం మనం తీయకూడదు అనేవాడు మాస్టరు. ఆయన లేడు. ఆ పద్ధతి మాత్రం ఆమె తప్పనివ్వదు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకసారి పొరపాటున ఎవరిదో అంకె పైకి అంటే, సాయంత్రం దాకా ఆ అమ్మాయితో మాట్లాడలేదు.

తన నీలం పని కోటు ఆమే వదులు చేసుకుంటూ వచ్చింది. మొదట పక్క కుట్లు విప్పి లోపల మిగిలిన గుడ్డ బయటికి తీసింది. అదీ అయిపోయాక చంకల కింద వేరే ముక్క వేసి అతికింది. ఎంత వెతికినా ఆ నీలం దొరకలేదు, ఒక వన్నె తక్కువది దొరికింది. అందుకని చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని పనిచేస్తుంది. దగ్గర నుంచి చూసినా ఎవరికీ తెలియని తేడా అది. ఆమెకు తెలుసు.

ఆ రోజు, టేపు అందుకునే కొలతలమ్మాయి దారం ఎక్కిస్తూ, ఎటో చూస్తూ అడిగింది. ఆ అమ్మాయికి పెళ్లయి ఏడాది కాలేదు. అప్పుడే పిల్లలు వద్దనుకుంటున్నారు.

"అక్కా, మూడు నెలలకోసారి సూది ఉంటుందట కదా. మీరు వేయించుకుంటారట. దానికి లావవుతారా?"

"అదేం లేదు. మన నోరు మన అదుపులో ఉంటే ఏమీ కాదు" అంది ఆమె.

అమ్మాయి ఆమెవైపు చూసింది. చంకల కింద అతుకు మీద చూపు ఆగిందో లేదో గాని వెంటనే తల దించుకుంది. అంతకుమించి అడగలేదు. అడిగినా ఆమె అదే చెప్పేది. అన్నేళ్లుగా ఆమెకు అందరూ చెప్పిన మాట అదే. చెప్పించుకుని చెప్పించుకుని, ఆ మాట తనదే అనుకుంటోంది.

*

ఆ రోజు సూది గడువు. మధ్యాహ్నం భోజనం వేళలోనే వెళ్లొస్తానని మేనేజరుకు చెప్పి ఆస్పత్రికి నడిచింది.

రెండో కాన్పు కష్టమైంది. మొదటిదీ రెండోదీ కడుపు కోసే తీశారు. మూడోసారి కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పింది. ఆ రెండో కాన్పులోనే, ఎలాగూ కడుపు కోశాం కదా, పిల్లలు పుట్టకుండా పనిలో పనిగా చేసేస్తామని అడిగారు. అప్పుడే వద్దని బయట నిర్ణయించారు. బయటంటే ఆపరేషను గది బయట, బెంచీ మీద. ఆమె లోపల ఉంది.

తర్వాత లోపల లూపు వేశారు. నెలంతా రక్తం పోయి, మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. తీసేశారు. మాత్రలు ఇచ్చారు. బీపీ పెరిగింది, ఆపేశారు. మగవాళ్లు వాడేవి ఒకటి రెండుసార్లు తెచ్చిన భర్త, ఊపిరాడనట్టు ముఖం పెట్టి మానేశాడు. అతనికే చిన్న ఆపరేషను చేయొచ్చని ఎవరో నర్సు అంటే, నడుం పోతే మోత పని ఎవరు చేస్తారని అడిగాడు. అత్తగారు ఆ నర్సును మళ్లీ గడప తొక్కనివ్వనన్నంత పని చేసింది. ఆమెకు మళ్లీ ఆపరేషనంటే మూడో కోత. దానికి ఆమె ఒప్పుకోలేదు. చివరికి సూది మిగిలింది.

సూది మొదలైన ఏడాదే ఒళ్లు రావడం మొదలైంది. మొదట గాజుల దగ్గర, తర్వాత మెడ దగ్గర, ఆ తర్వాత ఎక్కడెక్కడో. రాత్రి అన్నం మానేసి దోసకాయ ముక్కలు తింది. పొద్దున నిమ్మరసం తాగింది. డాబా మీద గుండ్రంగా నడిచింది, పక్కింటివాళ్ల బట్టల తాళ్ల కింద తల వంచుకుంటూ. పిల్లలకు అన్నం కలిపి పెడుతున్నప్పుడు వేళ్లకంటిన మెతుకులు కూడా నాకకుండా కడిగేసుకుంది. ఒకసారి విషజ్వరం వచ్చి పది రోజులు మంచినీళ్లు తప్ప దిగకపోతే కాస్త తగ్గింది. "జ్వరం మంచి పని చేసింది" అన్నాడు భర్త. మూడు నెలలు తిరిగేసరికి ఆ తగ్గిందీ తిరిగొచ్చింది.

ఇన్నిటిలో ఆమెను నిజంగా తినేసింది ఆకలి కాదు. అనుమానం. తను తెలియకుండా తింటోందేమోనని తన మీద తనకే అనుమానం. పిల్లలు వదిలేసింది ఎప్పుడైనా నోట్లో వేసుకున్నానా, కూర రుచి చూసేటప్పుడు చెంచా పెద్దదయిందా అని, దొంగను కాపలా కాసినట్టు తనను తాను కాసుకుంది.

ఆస్పత్రి హాలులో కాటా ఎక్కించారు. నర్సు అంకె చూసి, హాలుకు అవతల రాసుకుంటున్న ఇంకో నర్సుకు వినపడేట్టు గట్టిగా చెప్పింది. ఆవిడకు సరిగా వినపడక "ఎంత?" అంది. నర్సు ఇంకా గట్టిగా చెప్పింది. బెంచీల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. ఆమె బొటనవేలు, తెలియకుండానే, చూపుడువేలి మీద గట్టిగా నొక్కుకుంది.

లోపల డాక్టరు కొత్తావిడ. వయసు తక్కువే. సూది బల్ల మీదే ఉన్నా ముట్టుకోకుండా, బరువు ఎప్పటి నుంచి పెరుగుతోందని అడిగింది. ఆమె జవాబు చెప్పకముందే అలవాటుగా, తగ్గిస్తానండీ, రాత్రిపూట అన్నం మానేశానండీ అంది.

"నేనడిగింది అది కాదు. సూదికి ముందు ఇలా ఉండేవారా?"

"లేదండీ. నన్ను పుల్ల అనేవాళ్లు."

డాక్టరు నవ్వలేదు. "ఈ సూదికి అందరూ లావవ్వరు. కొంతమంది అవుతారు. మొదట్లోనే పెరగడం మొదలైతే, తర్వాత కూడా పెరుగుతూనే ఉంటారు. తిండి తగ్గించినా అంత తేలిగ్గా తగ్గదు. మీకెవరూ చెప్పలేదా?"

"నోరు కట్టుకోమని చెప్పారు."

ఇది మానేస్తే తగ్గుతానా అని ఆమె అడిగింది. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, మాటివ్వలేనని డాక్టరు నిజమే చెప్పింది. వేరే దారులు ఒక్కొక్కటే చెప్పబోతే, లూపు, మాత్రలు, రెండూ అయ్యాయని ఆమె అంది. చేతి చర్మం కింద పెట్టేది ఒకటుంది, అందులోనూ ఇలాంటి మందే ఉంటుందంది డాక్టరు. తర్వాత, మీ వారు రారా అని అడిగింది. మగవాళ్ల ఆపరేషనులో పెద్ద కోత ఉండదని, ఆ రోజే ఇంటికి పోవచ్చని, కొద్ది రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలని, నడుముకూ దానికీ ఏ సంబంధమూ లేదని, ఆ తర్వాత పరీక్ష చేసి సరేననే దాకా మాత్రం జాగ్రత్తగా ఉండాలని వివరించింది.

"ఇవాళ సూది వెయ్యమంటారా? మీరే చెప్పండి."

ఎన్నో ఏళ్లకు ఆమెను ఎవరో ఒకటి అడిగారు. ఆమె సూదివైపు చూసింది. ఇంత చిన్న సీసాలో ఉన్న నీళ్లు. దీని కోసం ఎన్ని రాత్రుల అన్నం.

"వద్దండీ" అంది.

*

రోడ్డు మీదికొచ్చాక ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. కోపం వచ్చింది. చెవులు వేడెక్కి, దవడ నొప్పి పుట్టేంత కోపం. ఎవరి మీదో తెలిసే కోపం. తన కడుపు గురించి బెంచీ మీద కూర్చుని నిర్ణయించినవాళ్ల మీద, అడక్కుండా సూది పొడిచి పంపినవాళ్ల మీద, అందరికన్నా ఎక్కువగా, వాళ్లు చెప్పింది నమ్మి తన నోటికి తాళం వేసుకున్న తన మీద. ఊళ్లోవాళ్ల ఒళ్లన్నీ వేలితో తడిమి తెలుసుకునే మనిషి, తన ఒంటి మాట మాత్రం ఇంకొకరిని అడిగింది.

మళ్లీ దుకాణం మెట్ల దగ్గరికి వచ్చి, ఆగి, లిఫ్టు ఎక్కింది.

గదిలో ఒక పెద్దమనిషి ప్యాంటు వదులు చేయించుకోవడానికి వేచి ఉన్నాడు. బెల్టు పైనుంచి పొట్ట పొంగి దిగుతోంది. దాన్ని అరచేత్తో రెండుసార్లు ఆప్యాయంగా తట్టి, మా ఇంట్లో వంట అలాంటిదమ్మా, ఏం చేయను అని గొప్పగా నవ్వాడు. బయట నిలబడ్డ ఆయన భార్య కూడా ముఖం విప్పార్చి నవ్వింది. తనకు మెప్పు దొరికినట్టే.

ఆమె టేపు చుట్టింది. మగవాడి పొట్ట ఇంటావిడ మంచితనం. ఆడదాని పొట్ట ఆడదాని తప్పు. తన భర్త ప్యాంట్లన్నీ ఇలాగే వదులు చేసింది, ఒకసారి కాదు. విప్పి, కుట్టి, ఇస్త్రీ చేసి, మడిచి, అలమారాలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. అతని ఒళ్లూ పెరిగిందన్న సంగతి అతను ఎప్పుడూ గమనించి ఉండడు. ప్యాంటు ఎప్పుడూ సరిపోతూనే ఉండేది కదా.

బొటనవేలు అంకె మీద పెట్టి టేపు అందించింది. కొలతలమ్మాయి తన వేలు పెట్టి గోడవైపు తిరిగింది. పెద్దమనిషి వెళ్లిపోయాక ఆమె మిషను దగ్గర కూర్చుంది గాని తొక్కలేదు.

"పొద్దున నేను చెప్పింది తప్పు" అంది.

అమ్మాయి చేతిలో సుద్ద ఆగింది.

"సూది నాకు పడలేదు. నీకు పడొచ్చు, అందరికీ ఇలా కాదట. వెళ్లి అన్నీ అడుగు. నీ ఎదురుగా అడుగు, నువ్వే అడుగు. మీ అత్తనో మీ ఆయన్నో అడగనివ్వకు. ఏదైనా తేడాగా ఉంటే నీ నోటిని తిట్టుకోకు."

"అలాగే అక్కా." సుద్ద పక్కన పెట్టి ఆ అమ్మాయి మెల్లగా అంది, "మీరు అసలేం తినరు కదక్కా. రోజూ చూస్తున్నాగా."

ఆమెకు అప్పుడు వచ్చాయి కళ్లనీళ్లు. దారం తెంపుతున్నట్టు ముఖం మిషను మీదికి వంచుకుంది.

*

సాయంత్రం ఇంటికి వెళ్లి ఎప్పటిలాగే వంట చేసింది. అన్నం, బఠాణీల కూర. అందరూ కూర్చున్నాక తనకూ ఒక కంచం పెట్టుకుని, దోసకాయ కొయ్యకుండా, అన్నం వడ్డించుకుంది. కూర వేసుకుంది. భర్త ఆ కంచంవైపు చూశాడు.

"రాత్రిపూట అన్నమా? ఇవాళేమిటి విశేషం?"

"ఇవాళ సూది వేయించుకోలేదు" అంది ఆమె.

రేపు వేయించుకో, దానికీ అన్నానికీ ఏమిటి సంబంధం అన్నాడతను. అన్నం కూరతో కలుపుకుంటూనే ఉన్నాడు.

"రేపూ వేయించుకోను. ఇక ఎప్పుడూ వేయించుకోను. నా ఒళ్లు దానివల్లే ఇలా అయిందని డాక్టరు చెప్పింది. ఇన్నేళ్లు ఊరికే ఆకలితో పడుకున్నాను. ఇక నా ఒంట్లోకి ఏదీ ఎక్కించుకోను. ఆపరేషను మీరు చేయించుకోండి."

అత్తగారి చేతిలో గరిటె గిన్నెకు తగిలి మోగింది. పెద్దపిల్ల తల ఎత్తింది.

"పిల్లల ముందా ఆ మాటలు?" అంది అత్తగారు, గొంతు తగ్గించి.

"నేను లావని పిల్లల ముందే అంటున్నారు కదత్తయ్యా, వచ్చినవాళ్ల ముందు కూడా. ఇదీ అందరి ముందే అయిపోనివ్వండి."

"మగాడికి కోతేమిటమ్మాయ్. సంపాదించి పెట్టే మనిషి."

"నేనూ సంపాదిస్తున్నాను. నాకు రెండు కోతలయ్యాయి. రెండోసారి కుట్లు పచ్చిగా ఉండగానే మిషను తొక్కాను. ఆయన్ను ఆ రోజే ఇంటికి పంపిస్తారట, నడుముకేమీ కాదట. నేను అడిగొచ్చాను."

భర్త నవ్వబోయాడు. అటూ ఇటూ చూశాడు, తోడు నవ్వేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ నవ్వలేదు. అప్పుడు అతని ముఖం ఎర్రబడింది.

"చేయించుకోకపోతే ఏం చేస్తావు?"

ఆమె గొంతు పెంచలేదు. కొలత తీసేటప్పుడు టేపు జారకుండా పట్టుకున్నంత నిబ్బరంగా చెప్పింది.

"మీ ఆపరేషనయ్యాక పరీక్ష చేసి సరేనని డాక్టరు అనేదాకా నేను పిల్లల గదిలో పడుకుంటాను. ఇందాకే పక్క అక్కడ వేసేశాను. అది ఎన్నాళ్లన్నది మీ ఇష్టం. ఇంకొక మాట. నాకు పేరుంది. రేపటి నుంచి ఆ పేరుతోనే పిలవండి."

అత్తగారు కొడుకువైపు చూసింది, కోడలివైపు చూసింది, కూర గిన్నె మీద మూత పెట్టింది. చిన్నపిల్ల, అమ్మ పడుకునేది తన పక్కనేనా అని అక్క చెవిలో అడుగుతోంది. పెద్దపిల్ల దాన్ని మోచేత్తో పొడిచి ఊరుకోమంది, కాని కళ్లు అమ్మ మీదినుంచి తీయలేదు.

అతను కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. చెయ్యి కడుక్కున్న చప్పుడు వినపడింది, తర్వాత చెప్పులు, తర్వాత వీధి తలుపు. ఎవరూ వెనక నుంచి పిలవలేదు. ఆమె ఒక్క క్షణం తలుపువైపు చూసి, తన కంచంలోని అన్నం కలుపుకుని, వేడిగా, నిదానంగా తినడం మొదలుపెట్టింది.

బల్లకు అటువైపు అతని కంచంలో, నోటిదాకా వెళ్లని ముద్ద ఒకటి, నాలుగు వేళ్ల గుర్తులతో, అలాగే ఆరిపోతోంది.